అసమానత తగ్గిందని లెక్కలంటున్నా జనానికి పెరిగినట్టే ఎందుకు కనిపిస్తుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఆదాయ అసమానత కాస్త తగ్గిందని ఒక నివేదికలో చదివారు. తెలిసినవాళ్ళను అడిగితే మాత్రం ఒక్కరూ ఒప్పుకోలేదు. "ఉన్నవాళ్ళు ఇంకా పైకి పోతున్నారు, మధ్యలోవాళ్ళు జారిపోతున్నారు" అనే అన్నారు. జనం పొరబడుతున్నారా, లెక్కలే తప్పా, దీని మీద మీరే ఒక చిన్న సర్వే చేయాలంటే ఏం అడగాలి అన్నది మీ సందేహం.

కుటుంబాల ఆదాయ వ్యయాల సర్వేల్లో చాలా ఏళ్ళు పనిచేశాను. ప్రశ్నావళులు రాయడం, వాటిని పట్టుకుని ఇళ్ళకు వెళ్ళేవాళ్ళకు శిక్షణ ఇవ్వడం, వచ్చిన జవాబుల్లో ఏది నమ్మొచ్చో ఏది నమ్మకూడదో తేల్చడం నా పని. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. నివేదిక కొలిచేది ఒకటి, జనం చూసేది ఇంకొకటి. అంకెలు చెప్పమంటే జనం ఘోరంగా తప్పుతారు, అందులో అనుమానం లేదు. అంకె తప్పింది కదా అని వాళ్ళకు కనిపించిందంతా భ్రమ అని కొట్టేస్తే మాత్రం అసలు విషయం చేజారుతుంది.

ముందు నివేదిక సంగతి చూద్దాం. అందులో వాడింది దాదాపు ఖాయంగా గినీ సూచీ అయివుంటుంది. 1912లో ఇటలీ గణాంకవేత్త కొరాడో గినీ ప్రతిపాదించిన కొలత అది. అందరి ఆదాయమూ సమానమైతే 0, మొత్తం ఒక్కరి చేతిలోనే ఉంటే 1. దేశాన్నంతా ఒక్క అంకెలోకి దించుతుంది కాబట్టి వార్తల్లో రాయడానికి చాలా వీలు. అలా దించేటప్పుడు ఏం పోతుందో ఆరుగురిని పెట్టి చూపిస్తాను. వాళ్ళ ఆదాయాలు వరసగా 1, 2, 3, 4, 5, 6 అనుకోండి. గినీ సుమారు 0.28 వస్తుంది. ఇప్పుడు కింది ముగ్గురి ఆదాయం కలిపి సమంగా పంచండి, తలా 2. పై ముగ్గురిదీ అలాగే పంచండి, తలా 5. మొత్తం 2, 2, 2, 5, 5, 5 అయింది. గినీ 0.21కి దిగింది. అసమానత తగ్గిందని నివేదిక రాస్తుంది, అది అబద్ధం కూడా కాదు. కానీ అంతకుముందు 3 సంపాదించే మనిషికి తన పైన 4 కనిపించేది. ఇంకొంచెం కష్టపడితే అందే దూరం అది. ఇప్పుడు ఆ మనిషి 2కి దిగాడు, తలెత్తి చూస్తే నేరుగా 5 ఉంది, మధ్యలో ఎవరూ లేరు. ఈ మనిషి దగ్గరికి వెళ్ళి "తేడా తగ్గింది, సంతోషమేనా?" అని అడిగితే ఏమంటాడో మీరే ఊహించుకోండి.

ఇలా ఆదాయాలు రెండు గుంపులుగా చీలి మధ్య ఖాళీ అవడాన్ని ఆర్థికశాస్త్రంలో పోలరైజేషన్ అంటారు. అసమానతా ఇదీ ఒకటి కావు. 1994లో మైకేల్ వుల్ఫ్‌సన్, అదే ఏడాది విడిగా జొవాన్ ఎస్తెబాన్, దేబ్‌రాజ్ రే దీనికోసం ప్రత్యేకంగా కొలతలు తయారుచేశారు. గినీ ఈ చీలికను పట్టుకోలేదనే వాళ్ళు ఆ పనికి దిగారు. ఇది కాగితం మీది బెడద మాత్రమే కాదు. మార్టెన్ గూస్, అలన్ మానింగ్ బ్రిటన్ ఉద్యోగాలను పరిశీలించి 2007లో ప్రచురించిన వ్యాసంలో చూపించింది ఇదే. బాగా జీతం వచ్చే ఉద్యోగాలు పెరిగాయి, అడుగున తక్కువ జీతం ఉద్యోగాలూ పెరిగాయి, మధ్యలో ఒకే పద్ధతిలో సాగే గుమాస్తా పనులు, ఫ్యాక్టరీ పనులు తగ్గాయి. అలాంటి పనులను యంత్రాలకు, కంప్యూటర్లకు అప్పగించడం తేలిక కావడం దీనికి ఒక ముఖ్య కారణం. మీతో మాట్లాడినవాళ్ళు "మధ్యలోవాళ్ళు జారిపోతున్నారు" అన్నారు చూడండి, ఆ మాటలో పోలరైజేషన్ ఉంది. గినీ తగ్గిందన్న నివేదికతో దానికి పేచీ లేదు.

రెండో చిక్కు శాతాలది. అందరి ఆదాయమూ ఒకే శాతం పెరిగితే గినీ కదలదు. 1968 మే నెలలో ఫ్రాన్స్‌లో విద్యార్థుల అలజడి కార్మికుల సార్వత్రిక సమ్మెకు దారితీసింది, చివరికి గ్రెనెల్ ఒప్పందాలతో జీతాలు పెంచి చల్లార్చారు. ఫ్రెంచి ఆర్థికవేత్త సెర్జ్ క్రిస్టోఫ్ కోల్మ్ 1976లో ఆ ఘట్టాన్ని గుర్తుచేస్తూ ఒక లెక్క చెప్పాడు. ఆయన చెప్పిన ప్రకారం అందరికీ 13 శాతం పెంచారు. 80 వచ్చే కార్మికుడికి ఇంకో 10 దాకా వచ్చింది, 800 వచ్చే పెద్ద ఉద్యోగికి ఇంకో 100 దాకా వచ్చింది. ఉద్యమకారులు మోసపోయామనుకున్నారు, తేడా పెరిగిపోయిందన్నారు. గినీ ప్రకారం ఏమీ మారలేదు. ఇద్దరిలో ఎవరిది సరైన లెక్క? గణితం దీనికి జవాబు చెప్పదు. తేడాను నిష్పత్తిలో చూడాలా, చేతికొచ్చే మొత్తంలో చూడాలా అన్నది మన విలువలను బట్టి ఉంటుంది. యోరమ్ ఆమియెల్, ఫ్రాంక్ కోవెల్ 1990లలో విద్యార్థులకు ప్రశ్నావళులిచ్చి అడిగితే, పాఠ్యపుస్తకాలు స్వతఃసిద్ధాలని చెప్పే సూత్రాలను చాలామంది ఒప్పుకోనేలేదు. సమాధానాలు రాసినవాళ్ళకు తెలివి తక్కువై కాదు. వాళ్ళ దృష్టిలో తేడా అంటే వేరే.

మూడోది మా వృత్తిలోనే ఉన్న లోపం. ఇంటింటి సర్వేలకు బాగా డబ్బున్నవాళ్ళు దొరకరు. దొరికినా గేటు దాటడం కష్టం, గేటు దాటినా సగం ఆదాయం చెప్పరు. జీతం చెబుతారు, షేర్ల మీద వచ్చింది, అద్దెల మీద వచ్చింది నోరు జారరు. అందుకే తోమా పికెటీ, ఇమాన్యుయెల్ సాయెజ్ లాంటి ఆర్థికవేత్తలు సర్వేలు పక్కన పెట్టి పన్ను రికార్డులు తవ్వారు. అమెరికా మీద వాళ్ళ వ్యాసం 2003లో వచ్చాక పై 1 శాతం వాటా ఎంత పెరిగిందో అందరికీ తెలిసింది. ఆ దారిలోనే తయారైన 2022 ప్రపంచ అసమానత నివేదిక లెక్కలో ప్రపంచ ఆదాయంలో 52 శాతం పై 10 శాతం మందికి వెళ్ళింది, కింది సగం మందికి 8.5 శాతం. కాబట్టి మీ నివేదిక సర్వే ఆధారంగా రాసిందా, పన్నుల ఆధారంగా రాసిందా అన్నది ముందు చూడండి. సర్వే ఒక్కటే ఆధారమైతే పైకొసను తక్కువగా చూపించే అవకాశం ఎక్కువ. ఆ విషయంలో జనం అనుమానమే నిజం కావచ్చు.

ఇక జనం వైపు వద్దాం.

పది మెట్ల నిచ్చెన బొమ్మ చూపించి "మీ కుటుంబం ఏ మెట్టు మీద ఉందనుకుంటున్నారు?" అని అడగడం మా సర్వేల్లో మామూలు. ఎక్కువమంది వేలు 5 మీదో 6 మీదో పడుతుంది. ఇద్దరు పనివాళ్ళున్న ఇంట్లోనూ "మాది మిడిల్‌క్లాసండీ" అనే జవాబే, ఆ ఇంట్లో పనిచేసే మనిషిని అడిగినా దాదాపు అదే. మొదట్లో మా కుర్రాళ్ళు ఇది మొహమాటం అనుకునేవారు. కొంత మొహమాటం ఉంటుంది, కాదనను. కానీ ముఖ్య కారణం వేరే. సగటు మనిషి సమాజాన్ని తనకు తెలిసినవాళ్ళను బట్టి అంచనా వేస్తాడు. మనకు తెలిసినవాళ్ళలో ఎక్కువమంది మనలాంటివాళ్ళే ఉంటారు. చుట్టాలు, తోటి ఉద్యోగులు, ఒకే బడిలో చదివినవాళ్ళు, ఒకే వీధివాళ్ళు. వాళ్ళలో కొందరు మనకంటే పైన, కొందరు కింద. అలాంటప్పుడు ఎవరికైనా తామే మధ్యలో ఉన్నట్టుంటుంది. మా భాషలో చెప్పాలంటే ప్రతి ఒక్కరి దగ్గరా ఒక శాంపిల్ ఉంది, అది ఏకపక్షంగా ఎంచిన శాంపిల్.

ఇది ఊహ కాదు. గియెర్మో క్రూసెస్, రికార్డో పెరెజ్ త్రుల్యా, మార్టిన్ టెటాజ్ బ్యూనస్ ఐరిస్ మహానగర ప్రాంతంలో చేసిన సర్వే 2013లో ప్రచురితమైంది. అక్కడ పేదలు తమ స్థానాన్ని ఉన్నదానికంటే పైన ఊహించుకున్నారు, ధనికులు కింద ఊహించుకున్నారు. స్వీడన్‌లో జరిగిన మరో అధ్యయనంలో (2017) అత్యధికులు తాము నిజంగా ఉన్నదానికంటే కింద ఉన్నామనుకున్నారు. డెన్మార్క్‌లో ఇంకా జాగ్రత్తగా చేశారు. సర్వే జవాబులను ప్రభుత్వ ఆదాయ రికార్డులతో జతచేసి చూశారు. తమ వయసువాళ్ళు, తమ చదువువాళ్ళు ఎంత సంపాదిస్తారో అక్కడి జనానికి సగటున బాగానే తెలుసు. అయినా కింది మెట్ల వాళ్ళు తమను కాస్త పైకి, పై మెట్ల వాళ్ళు తమను కాస్త కిందికి జరుపుకున్నారు. 2023లో వచ్చిన ఆ వ్యాసంలో ఇంకో విషయం నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది, దాని దగ్గరికి కాసేపట్లో వస్తాను.

తన స్థానం విషయంలోనే ఇంత తడబాటు ఉంటే దేశం మొత్తం ఆకారం గురించి చెప్పనక్కర్లేదు. మైకేల్ నార్టన్, డాన్ ఏరియలీ 2011లో ప్రచురించిన అధ్యయనం మీరు వినే ఉంటారు. సంపదలో పై 20 శాతం మంది వాటా ఎంతని అడిగితే అమెరికన్లు సగటున 59 శాతం అన్నారు, నిజానికి అది 84 శాతం దాకా ఉంది. ఎంత ఉంటే బాగుంటుందంటే 32 శాతం చాలన్నారు. తర్వాత 2014లో నార్టన్, సొరపొప్ కియత్‌పోంగ్‌సాన్ కంపెనీ అధిపతి జీతం సాధారణ కార్మికుడి జీతానికి ఎన్ని రెట్లు అన్న ప్రశ్న మీద 40 దేశాల సమాధానాలు పోగుచేశారు. అమెరికన్ల అంచనా 30 రెట్లు, వాళ్ళ దృష్టిలో న్యాయమైనది 7 రెట్లు, వాస్తవం 354 రెట్లు. ఈ అంకెలు చూసి "జనానికి ఏమీ తెలియదు" అనేస్తారు చాలామంది. నాకైతే ఆ తీర్పు తొందరపాటు అనిపిస్తుంది.

ఎందుకంటే ప్రశ్న అడిగే తీరును బట్టి జవాబు మారిపోతుంది, ఇది సర్వేలు రాసేవాళ్ళందరికీ తెలిసిన సంగతి. కిమ్మో ఎరిక్సన్, బ్రెంట్ సింప్సన్ 2012లో నార్టన్ వాళ్ళ ప్రశ్ననే తిప్పి అడిగారు. శాతాలు అడగకుండా, ఒక్కో వర్గంలో సగటు కుటుంబం ఆస్తి ఎంత ఉంటుందని అడిగారు. అంతే, జవాబుల్లో అసమానత ఎన్నో రెట్లు పెరిగింది, 'ఆదర్శం' అని చెప్పినదాంట్లో కూడా. మొత్తాన్ని 100గా పెట్టి అయిదు భాగాలు చేయమంటే మనిషి 20, 20, 20 దగ్గర మొదలుపెట్టి కాస్త అటూ ఇటూ జరుపుతాడు. కొట్టొచ్చినట్టు తేడా ఉందని తెలిసినవాడు కూడా అలాగే చేస్తాడు. సంపదలో శాతం వాటా అనేది నిత్యజీవితంలో ఎవరూ ఎప్పుడూ లెక్కవేయని విషయం. దాన్ని అడిగి తప్పు చెప్పారని వెక్కిరించడం న్యాయం కాదు.

అయితే బొమ్మలు చూపించినా పెద్దగా మెరుగుపడదు. ఐఎస్‌ఎస్‌పీ అనే అంతర్జాతీయ సర్వేలో అయిదు ఆకారాల బొమ్మలు చూపిస్తారు. ఒకటి పైన సన్నటి కొస, అడుగున పెద్ద జనం. ఇంకొకటి పిరమిడ్. మరొకటి మధ్యలో ఉబ్బెత్తు, ఇలా. మీ దేశం ఏ ఆకారంలో ఉందో చెప్పమంటారు. వ్లదిమిర్ గింపెల్సన్, డేనియెల్ ట్రీస్‌మన్ ఆ జవాబులను వాస్తవాలతో పోల్చి 2018లో చూపించినదాని ప్రకారం, కళ్ళు మూసుకుని వేలు పెట్టినదానికంటే కొంచెమే నయం. వాళ్ళు తేల్చిన ఇంకో సంగతి దీనికంటే ముఖ్యం. ధనికులకూ పేదలకూ మధ్య ఘర్షణ ఉందని జనం భావించడం, ప్రభుత్వం ఉన్నవాళ్ళ దగ్గర తీసుకుని లేనివాళ్ళకు పంచిపెట్టాలని కోరడం, ఇవి రెండూ అసలు అసమానత మీద ఆధారపడలేదు, జనం ఊహించుకున్న అసమానత మీద ఆధారపడ్డాయి. గినీ ఎంత ఉందో తెలుసుకుంటే ఆ దేశ రాజకీయం అర్థమవుతుందనుకునే పండితులు ఈ ఒక్క వాక్యం రోజూ చదువుకోవాలి.

మరి ఊహ ఎక్కడి నుంచి వస్తుంది? నా ఉద్దేశంలో అసలు కిటుకు ఇక్కడుంది. దూరపు కొండలు నునుపు. వందల కోట్లకు అధిపతి గురించి చదివితే ఆశ్చర్యం కలుగుతుంది, కోపం కూడా రావచ్చు, నిద్ర మాత్రం చెడదు. పక్క సీటు మనిషికి తనకంటే ఎక్కువ వస్తోందని తెలిసిన రోజు నిద్ర పట్టదు. డేవిడ్ కార్డ్ బృందం దీన్ని నేరుగా పరీక్షించింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఉద్యోగుల జీతాలు ఒక పత్రిక వెబ్‌సైట్లో ఉండేవి. పరిశోధకులు కొంతమంది ఉద్యోగులను లాటరీ పద్ధతిలో ఎంచి ఆ సైట్ గురించి మెయిల్ పెట్టారు. తర్వాత అడిగితే, తమ విభాగంలో, తమలాంటి పనిలో మధ్యస్థ జీతం కంటే తక్కువ వచ్చేవాళ్ళకు ఉద్యోగం మీద తృప్తి తగ్గింది, వేరే ఉద్యోగం వెతుక్కోవాలన్న ఆలోచన పెరిగింది. మరి ఎక్కువ వచ్చేవాళ్ళకు సంతోషం పెరిగిందా? లేదు, ఏమీ మారలేదు. 2012లో వచ్చిన ఆ వ్యాసంలోని ఈ ఒకవైపే పనిచేసే ఫలితం నాకు చాలా విషయాలు విడమర్చింది. తేడా బయటపడితే కిందివాళ్ళ బాధ పెరుగుతుంది, పైవాళ్ళకు దానికి సరిపడా ఆనందం పుట్టదు.

నార్వేలో ఇదే పెద్ద ఎత్తున జరిగింది. అక్కడ పన్ను రికార్డులు ఎప్పటినుంచో బహిరంగమే, కానీ చూడాలంటే ఆఫీసుకు వెళ్ళాలి. 2001లో అవి ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. పేరు కొడితే చాలు, ఎవరి ఆదాయమైనా కనిపిస్తుంది. జనం విపరీతంగా వెతికారు, ఎక్కువగా తెలిసినవాళ్ళ పేర్లే. ఇందాక చెప్పిన పెరెజ్ త్రుల్యా 2020లో ప్రచురించిన లెక్క ప్రకారం ఆ తర్వాత ధనికులకూ పేదలకూ మధ్య సంతోషంలో ఉన్న తేడా 29 శాతం పెరిగింది. ఆ మార్పు ఎవరి ఆదాయం పెరగడం వల్లో తగ్గడం వల్లో వచ్చింది కాదు, కనిపించడం వల్ల వచ్చింది. ఎవరు వెతికారో ఎదుటివాళ్ళకు తెలిసేలా 2014లో నిబంధన మార్చాక వెతకడాలు ఒక్కసారిగా పడిపోయాయి. అదీ మనిషి గుణం!

ఇప్పుడు డెన్మార్క్ దగ్గరికి. ఏ తేడా ఎక్కువ అన్యాయంగా అనిపిస్తుందని అడిగితే అక్కడివాళ్ళు దేశం మొత్తంలో ఉన్న తేడా కంటే, ఒకే సంస్థలో పనిచేసేవాళ్ళ మధ్య, ఒకే చదువు చదివినవాళ్ళ మధ్య ఉన్న తేడానే ఎక్కువ అన్యాయమన్నారు. తమాషా ఏమిటంటే వాళ్ళు అన్నిటికంటే తక్కువగా అంచనా వేసింది కూడా సరిగ్గా ఆ తేడానే. అంటే ఎక్కువ మండే చోట మంట ఎంతుందో పూర్తిగా తెలియదు. తెలిసిన రోజున ఏమవుతుందో కాలిఫోర్నియా, నార్వే చూపించాయి. మీ చుట్టూ ఉన్నవాళ్ళు ఇదివరకటికంటే తేడా పెరిగిందంటున్నారంటే, ఫోన్లో రోజూ తోటివాళ్ళ ప్రయాణాలు, కొత్త ఇళ్ళు, కార్లు చూడటం కూడా అందులో ఒక భాగమే అయివుండొచ్చు. ఇది నా అభిప్రాయం. నెదర్లాండ్స్‌లో పిన్‌కోడ్‌ను బట్టి బహుమతులిచ్చే పోస్ట్‌కోడ్ లాటరీ గెలిచిన ఇంటి పక్కన ఉండి, తాము టికెట్ కొనని కుటుంబాల్లో కార్ల వినియోగం పెరిగిందని 2011లో ఒక అధ్యయనం చూపించింది. పక్కింటి కారు అంత బలంగా పనిచేస్తే, చేతిలో వందల పక్కిళ్ళు పెట్టుకుని తిరిగే మనిషి సంగతి చెప్పాలా?

తేడా మొత్తం మీదా జనానికి కోపమేనా అంటే, కాదు. 2017లో క్రిస్టినా స్టార్మన్స్, మార్క్ షెస్కిన్, పాల్ బ్లూమ్ అప్పటిదాకా జరిగిన పరిశోధనలను కలిపి చూసి, జనానికి సమానత్వం మీద కంటే న్యాయం మీద పట్టింపు ఎక్కువని వాదించారు. ఇది నా ఫీల్డ్ అనుభవానికి అచ్చంగా సరిపోతుంది. కష్టపడి పైకొచ్చినవాడి గురించి మాట్లాడేటప్పుడు గొంతు వేరు, పలుకుబడితో, వారసత్వంతో, అడ్డదారిలో వచ్చినవాడి గురించి మాట్లాడేటప్పుడు గొంతు వేరు. మొత్తం ఒక్కటే అయినా సరే. ఇందులో ఒక ఉచ్చు ఉంది. యోనథన్ మైస్ 2019లో చూపించినట్టు అసమానత ఎక్కువగా ఉన్న దేశాల్లో 'కష్టమే విజయానికి కారణం' అనే నమ్మకం కూడా ఎక్కువగా ఉంది. వర్గాలు విడివిడిగా బతికినకొద్దీ ఎదుటివాళ్ళకు ఏ అవకాశాలు దక్కాయో, ఏవి దక్కలేదో కంటికి కనిపించవు, అందుకే అంతా ప్రతిభే అనిపిస్తుందని ఆయన వివరణ. ఇది నాకు సబబుగానే తోస్తుంది.

కాలం సంగతి ఒకటి చెప్పాలి. ఆల్బర్ట్ హిర్ష్‌మన్, మైకేల్ రోత్‌చైల్డ్ 1973లో ఒక పోలిక ఇచ్చారు. రెండు వరసల సొరంగంలో ట్రాఫిక్ నిలిచిపోయింది, రెండు వరసలూ కదలడం లేదు. కాసేపటికి పక్క వరస కదిలింది. మీరు ఇంకా ఆగే ఉన్నారు, అయినా హుషారు వస్తుంది, దారి తెరుచుకుంది, మన వంతూ వస్తుందని. ఎంతసేపటికీ మీ వరస కదలకపోతే ఆ హుషారే మంటగా మారుతుంది, వరస దాటి అడ్డంగా దూరాలనిపిస్తుంది. ఒకే అసమానతను జనం ఒక దశాబ్దంలో ఓర్చుకుని, తర్వాతి దశాబ్దంలో ఓర్చుకోకపోవడానికి ఇంతకంటే మంచి వివరణ నేను చదవలేదు. నా వంతు వస్తుందన్న నమ్మకం కూడా దేశాన్ని బట్టి మారుతుంది. అల్బెర్టో అలెసీనా, స్టెఫనీ స్టాంచేవా, ఎడొఆర్డో టెసో 2018లో అయిదు దేశాల మీద చేసిన పనిలో అమెరికన్లు పేదింటి పిల్లలు పైకొచ్చే అవకాశాన్ని ఉన్నదానికంటే ఎక్కువగా, యూరప్ వాళ్ళు తక్కువగా ఊహించుకున్నారని తేలింది.

నిజం చెబితే జనం అభిప్రాయం మారుతుందా అని కూడా మీకు సందేహం వచ్చే ఉంటుంది. నేరుగా చెప్పగలిగే జవాబు లేదు. బ్యూనస్ ఐరిస్‌లో తాము అనుకున్నదానికంటే కింద ఉన్నామని తెలిసినవాళ్ళు ప్రభుత్వం పంచిపెట్టడం ఎక్కువ జరగాలని కోరారు. పది దేశాల్లో 30 వేల మందికి పైగా జనంతో క్రిస్టొఫర్ హోయ్, ఫ్రాంజిస్కా మాగర్ 2021లో ప్రచురించిన ప్రయోగంలో దీనికి ఎదురు ఫలితం వచ్చింది. తాము అనుకున్నదానికంటే పేదలమని తెలిసినవాళ్ళకు అసమానత గురించి బెంగ తగ్గింది. వింతగా ఉన్నా లోపలి తర్కం సరైనదే. 'నేనే కింది మెట్టు మీద ఉన్నానంటే, కింది మెట్టు బతుకు నేను అనుకున్నంత అధ్వానం కాదన్నమాట' అనుకుంటాడు మనిషి. తన బతుకే కొలబద్ద అవుతుంది. అమెరికాలో ఇలియానా కుజియెమ్కో బృందం (2015) అసమానత వివరాలు చూపిస్తే అది పెద్ద సమస్యేనని జనం ఒప్పుకున్నారు, కానీ పన్నుల గురించి వాళ్ళ అభిప్రాయం పెద్దగా కదలలేదు. ప్రభుత్వం మీదే నమ్మకం లేనప్పుడు, సమస్య ఎంత పెద్దదని తెలిసినా పరిష్కారం ప్రభుత్వం చేతికి ఇవ్వాలనిపించదు. ఒక్క వారసత్వ పన్ను విషయంలో మాత్రం, అది కట్టేవాళ్ళు వెయ్యిలో ఒకరే అని తెలియగానే మద్దతు రెట్టింపైంది. అది తమ మీద పడుతుందని అప్పటిదాకా చాలామంది భయపడుతున్నారు మరి.

ఇక మీ సర్వే. "అసమానత ఎక్కువగా ఉందా?" అని అడగకండి, దాదాపు ఏ దేశంలో అడిగినా అవుననేవాళ్ళే ఎక్కువ, దానితో మీకు కొత్తగా ఏమీ తెలియదు. శాతాలు అసలే వద్దు. నాలుగైదు వృత్తులు చెప్పి ఒక్కొక్కరికి ఎంత వస్తుందనుకుంటున్నారు, ఎంత రావాలనుకుంటున్నారు అని విడివిడిగా అడగండి. ఐఎస్‌ఎస్‌పీ ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నది అదే, ఆ రెండు జవాబుల మధ్య దూరం మిగతా అన్నిటికంటే ఎక్కువ చెబుతుంది. నిచ్చెన బొమ్మ తప్పక పెట్టండి, ఇప్పుడు ఏ మెట్టు, అయిదేళ్ళ కింద ఏ మెట్టు, అయిదేళ్ళ తర్వాత ఏ మెట్టు అని మూడుసార్లు. సొరంగంలో వాళ్ళు హుషారు దశలో ఉన్నారో మంట దశలో ఉన్నారో మూడో జవాబులో పట్టుకోవచ్చు. ఆ వెంటనే "ఈ మెట్టు చెప్పేటప్పుడు ఎవరిని తలుచుకున్నారు?" అని అడిగి, వాళ్ళు చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాసుకోండి. దీన్ని చాలామంది వదిలేస్తారు, నాకైతే మొత్తం ప్రశ్నావళిలో ఎక్కువ సమాచారం ఇచ్చేది ఇదే. పైమెట్టు వాళ్ళు అక్కడికి ఎలా చేరారనుకుంటున్నారో ఒక ప్రశ్న చాలు, కష్టం, చదువు, పుట్టుక, పలుకుబడి, అదృష్టం అని వికల్పాలిచ్చి, వాటి వరస మనిషి మనిషికీ మార్చండి. లేకపోతే మొదట ఉన్నదానికే ఎక్కువ ఓట్లు పడతాయి.

వాళ్ళ సొంత ఆదాయం ప్రశ్న చివర్లో పెట్టండి, మొదట్లో పెడితే సగంమంది అక్కడే ముడుచుకుపోతారు. ఒక అంకె చెప్పమనకుండా శ్రేణులు రాసిన కార్డు చూపించి వేలు పెట్టమనండి. అడిగేటప్పుడు పక్కన బంధువులు, ఇరుగుపొరుగు లేకుండా చూసుకోండి. వాళ్ళ ఎదుట అడిగితే నిచ్చెన మీద వేలు 5 నుంచి కదలదు.